పేరయ్య వెనక నడిచిన ఊళ్ళు

1867 జనవరి. ఒంగోలుకు నలభై మైళ్ళ అవతల తాళ్ళకొండపాడు దగ్గరి చింతతోపు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర అక్కడికి చేరేసరికి చెట్ల కింద ముప్పై నలభై మంది కూర్చుని ఉన్నారు. అంతా మాదిగ కుటుంబాలే. రోజు గడవడమే కష్టమైన ఇళ్ళు. అయినా గింజలూ గుడ్డలూ మూటగట్టుకుని, కొన్ని రోజులు ఉండిపోయేటట్టు వచ్చారు.

ఒంగోలు సంఘానికి అప్పటికి నెల కూడా నిండలేదు. జనవరి 1న ఏర్పడింది, సభ్యులు 8 మంది. చింతతోపులో ఐదు రోజులు బోధ జరిగాక 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంఘం ఒక్కసారిగా నాలుగింతలు దాటింది.

ఈ జనాన్ని పోగుచేసింది దొర కాదు. అప్పటికి ఆయన తెలుగుదేశానికి వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. పోగుచేసినవాడు యర్రగుంట్ల పేరయ్య, చర్మాల బేరగాడు. అంతకుముందు రాజయోగం బోధించే ఒక గురువమ్మ దగ్గర శిష్యరికం చేశాడు. కళ్ళు మూసుకుని గంటల తరబడి కూర్చునే సాధన అతనికి అలవాటే. బేరం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు మాట చెవిన పడింది. దాన్ని మనసులో పెట్టుకుని తిరిగొచ్చాడు. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత బేరానికి తిరిగిన ఊళ్ళే, పెళ్ళిళ్ళకూ చావులకూ వెళ్ళే చుట్టాల గూడేలే అతని బోధకు దారులయ్యాయి. మిషన్ పటంలో ఆ దారులు లేవు. అవి మేనమామల ఇళ్ళకూ వియ్యాలవారి ఇళ్ళకూ పోయే దారులు.

తెలుగు నేల మీద బాప్టిస్టు మిషన్ నిజానికి అప్పటికి ముప్పై ఏళ్ళ పాతది. నెల్లూరులో ఏళ్ళకేళ్ళు పనిచేసినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే. ఇక మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు తర్జనభర్జన పడ్డారు. అంతటి మందకొడి పనికి పేరయ్య చుట్టరికాలు ఊపిరి పోశాయి. పోస్తూనే ఒక చిక్కూ తెచ్చిపెట్టాయి.

ఒంగోలు పట్నంలో పైకులాలవాళ్ళు క్లౌను ఆదరించారు. వాళ్ళ పిల్లలు మిషన్ బడికి వస్తున్నారు. అదే బడిలోకి మాదిగ పిల్లలు అడుగుపెట్టగానే మాట మారింది. వాళ్ళుంటే మేముండం అన్నారు. దొరకు ఎటూ పాలుపోలేదు. ఊళ్ళో పెద్దకులాలు ముందు వస్తే తక్కినవాళ్ళు వెనక వస్తారని ఆ కాలపు మిషనరీల్లో చాలామంది లెక్క. ఆ రాత్రి క్లౌ తన గదిలో, భార్య హ్యారియెట్ తన గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిచారట. ఇద్దరికీ ఒకే చోటు కంటబడింది: కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, లోకం నీచంగా చూసినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడన్న భాగం. ఈ కాకతాళీయాన్ని నమ్మేవాళ్ళు నమ్ముతారు, నవ్వేవాళ్ళు నవ్వుతారు. మర్నాడు తేలింది మాత్రం ఒకటే. మాదిగ పిల్లలు బడిలో ఉన్నారు. తక్కినవాళ్ళు వెళ్ళిపోయారు.

గూడెంలో చేరికకు మూడే నియమాలు పెట్టారు: ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి చిన్నవే. ఊరి కట్టుబాటును మాత్రం మొదలంటా కదిపాయి. చచ్చిన గొడ్డును మోయడం, రైతుకు చెప్పులూ మోటబొక్కెనలూ కుట్టడం, జాతరకు డప్పు కొట్టడం, వీటికి బదులు కళ్ళంలో పడేసే గింజలు తీసుకోవడం గూడెం బతుకు. కోతల రోజుల్లో ఆదివారం రానంటే ఆసామి ఊరుకుంటాడా? జాతరకు డప్పు మోగకపోతే ఊరు ఊరుకుంటుందా? బావి మూసేశారు, కూలి ఆపేశారు, కొట్టారు. ఇన్ని జరిగినా ఏటేటా సంఘం పెరుగుతూనే వచ్చింది. ఎందుకు? నాకు తోచిన జవాబు ఇది: వాళ్ళు ఒక్కొక్కరుగా విడిపోయి రాలేదు, కుటుంబాలుగా వచ్చారు. కష్టమొస్తే పక్కన మనవాళ్ళున్నారు.

ఇంతలో ధాత కరువు వచ్చిపడింది. 1876 నుంచి 78 దాకా. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని క్లౌ గుత్తకు తీసుకుని, వేలమందికి పలుగూ పారా ఇచ్చి కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి పని, పొద్దుగూకితే పాటలూ మాటలూ. ఊళ్ళకు ఊళ్ళు బాప్తిస్మం అడిగాయి. అక్కడే దొర గట్టిగా నిలబడ్డాడు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలలు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించే అంకె ఆ సున్నా.

కరువు సాయం నిలిచిపోయింది. ఇక మా దగ్గర పైసా లేదని కబురు వెళ్ళింది. అయినా జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి తరలివచ్చారు. మాకు సాయం వద్దు, చేతుల బొబ్బలు చూడండి, కష్టం చేసుకు బతుకుతాం, పంట పోతే చచ్చిపోతాం, చచ్చేది క్రైస్తవులుగా చస్తాం అన్నది వాళ్ళ మాటల సారం. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నీళ్ళలో దిగి లేచారు. ఆ 2,222 మందిలో క్లౌ చేతి మీదుగా బాప్తిస్మం పొందినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని, పొద్దున్న కొంత, ఎండ తగ్గాక కొంత, ఆ పని ముగించారు. ఊరూరా చేరినవాళ్ళ పేర్లు తెలిసినవాళ్ళు ఆ బోధకులే.

ఆ కదలిక నైజాం ఇలాకాలోకీ పాకింది. బాప్టిస్టు మిషన్ 1875లో సికింద్రాబాద్‌లో, 1885లో పాలమూరులో మకాం పెట్టింది. 1890లో నల్గొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ సంఘంవాళ్ళు. తర్వాత అమెరికా నుంచి అదే సంఘంవాళ్ళు వచ్చి నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, శంషాబాద్‌లలో పని పెంచారు. 1937లో పాలమూరు కూడా వాళ్ళ చేతికి వచ్చింది. మన షాద్‌నగర్ సరిగ్గా ఈ శంషాబాద్, పాలమూరుల నడుమ దారిలోనే ఉంది.

శంషాబాద్ మిషనరీ ఇంట 1932లో పుట్టిన పాల్ హీబర్ట్ పెద్దయ్యాక మానవశాస్త్రవేత్త అయ్యాడు. పాలమూరు జిల్లా కొండూరు గ్రామం మీద 1971లో పుస్తకం రాశాడు. 1978లో ఒక వ్యాసంలో పాపయ్య అనే ఊహా రైతును నిలబెట్టి ఒక ప్రశ్న వేశాడు. చదువురాని పాపయ్య ఒక్కసారి క్రీస్తు కథ విని మొక్కితే అతను క్రైస్తవుడైనట్టా, కానట్టా? గీత లోపల ఉన్నాడా అని కాదు, ఎటు తిరిగి నడుస్తున్నాడో చూడమన్నాడు హీబర్ట్. హాజరుపట్టీలో తలలు లెక్కపెట్టి సంఘం పెరిగిందో తరిగిందో తేల్చేవాళ్ళకు ఆ ప్రశ్న ఇప్పటికీ ఇబ్బందే.

పేరయ్య పేరు మనకు ఎలా మిగిలింది? క్లౌ రెండో భార్య ఎమ్మా, మాదిగ బోధకులు చెప్పుకున్న కథలను వినీ వినీ 1899లో ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అనే పుస్తకంగా రాసింది కాబట్టి. పాలమూరు బాటలో గూడెం గూడెం తిరిగిన బోధకులకూ బైబిలు స్త్రీలకూ ఆ భాగ్యం చాలావరకు దక్కలేదు. దొరల పేర్లు శిలాఫలకాల మీద ఉన్నాయి. షాద్‌నగర్ చుట్టుపక్కల సంఘాల్లో పాతకాలం చూసిన ముసలివాళ్ళు ఇంకా ఉంటే, మీ ఊళ్ళో మొదట ఎవరింట ప్రార్థన జరిగింది, ఎవరు నడిచొచ్చి చెప్పారు, చేరినందుకు ఎవరి కూలి పోయింది అని ఈ ఆదివారమే అడిగి, పేర్లతో సహా రాసిపెట్టండి.