స్టాంపు లేని నోట్లు

బాల్టిమోర్‌లో సెకండ్ బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ శాఖకు క్యాషియరు జేమ్స్ మెక్‌కలక్. 1818 మేలో ఆయన చేతి మీదుగా కొన్ని నోట్లు బయటికి వెళ్లాయి. ఆ రోజుల్లో నోట్లు అచ్చేసుకునేది బ్యాంకులే కాబట్టి అందులో వింతేమీ లేదు. వచ్చిన చిక్కల్లా ఆ నోట్ల మీద మేరీలాండ్ రాష్ట్రం స్టాంపు లేకపోవడమే.

ఐదు డాలర్ల నోటుకు పది సెంట్లు, వెయ్యి డాలర్ల నోటుకు ఇరవై డాలర్లు. ఆ లెక్కన స్టాంపు కాగితం కొనాలి, లేదా ఏడాదికి 15,000 డాలర్లు ముందుగానే కట్టెయ్యాలి. ఫిబ్రవరిలో రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం అది. రాష్ట్రం అనుమతి లేని బ్యాంకులన్నిటికీ అని రాసినా, గురి మాత్రం ఈ బ్యాంకు మీదే. 1816లో అమెరికా కాంగ్రెస్ పెట్టిన దీని మూలధనం మూడున్నర కోట్ల డాలర్లు, అందులో ఐదో వంతు కేంద్రానిది. స్థానిక బ్యాంకులకు ఇది కంట్లో నలుసు.

స్టాంపు లేనందుకు మెక్‌కలక్ మీద పడిన వ్యాజ్యం 1819 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టుకెక్కింది. బ్యాంకు తరఫున డేనియల్ వెబ్‌స్టర్, విలియం పింక్‌నీ వంటి ఉద్దండులు. మేరీలాండ్ తరఫున డెబ్బై దాటిన లూథర్ మార్టిన్. 1787 రాజ్యాంగ సభలో కూర్చుని, కేంద్రం రాష్ట్రాలను మింగేస్తుందన్న భయంతో సంతకం పెట్టకుండా లేచి వచ్చినవాడాయన. ముప్పై ఏళ్ల కిందట రాజ్యాంగ ఆమోదం కోసం జరిగిన వర్జీనియా సభలో రాష్ట్రాలకు ధైర్యం చెబుతూ ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ మాట్లాడిన మాటలనే తీసి, ఆయన ఎదుటే చదివి వినిపించాడు.

మార్చి 6న తీర్పు ఏకగ్రీవంగా వెలువడింది. మార్షల్ పట్టుకున్నది ఒక పదం లేకపోవడాన్ని. కేంద్రానికి ‘స్పష్టంగా’ అప్పగించనివన్నీ రాష్ట్రాలవేనని పాత సమాఖ్య ఒప్పందంలో ఉండేది. 1791 నాటి పదో సవరణలో ఆ ‘స్పష్టంగా’ లేదు. అంటే బ్యాంకు అనే మాట రాజ్యాంగంలో లేకపోయినా, పన్నుల వసూలుకూ సైన్యం జీతాలకూ అవసరమైన సాధనంగా కేంద్రం దాన్ని పెట్టుకోవచ్చు. ఇక రాష్ట్రం పన్ను సంగతి. పన్ను వేసే చేతికి నాశనం చేసే బలమూ ఉంటుంది. దేశ ప్రజలందరిదీ అయిన సంస్థ మీద ఒక్క రాష్ట్రం ఆ చెయ్యి వెయ్యకూడదన్నాడు.

ఒహాయో ఈ తీర్పును లెక్కచెయ్యలేదు. సెప్టెంబరులో రాష్ట్ర అధికారులు చిలికోతీ శాఖలోకి జొరబడి, తాము వేసిన పన్ను కింద ఖజానా నుంచి లక్ష డాలర్లకు పైగా ఎత్తుకుపోయారు. 1824లో సుప్రీంకోర్టు మళ్లీ బ్యాంకు పక్షమే వహించింది.

రాష్ట్రాలు కేంద్రం ఆస్తి మీద పన్ను వెయ్యకూడదన్న సూత్రం మన రాజ్యాంగంలో 285వ అధికరణంగా ఉంది. మిగులు అధికారాల్లో మాత్రం దారులు వేరు: అమెరికాలో అవి రాష్ట్రాలవి, ఇక్కడ 248వ అధికరణం కింద కేంద్రానివి.

తీర్పు వచ్చిన ఏడాదే బాల్టిమోర్ శాఖలో గోల్‌మాల్ బయటపడింది. లోపలివాళ్లు వాడేసుకున్న సొమ్ముతో వచ్చిన నష్టం పదిహేను లక్షల డాలర్ల పైమాటే. వాళ్లలో మెక్‌కలక్ కూడా ఉన్నాడు. ఉద్యోగం పోయింది, మేరీలాండ్ కోర్టుల్లో విచారణ జరిగింది, చివరికి నిర్దోషిగా బయటపడ్డాడు. తర్వాత అదే మేరీలాండ్ శాసనసభలో సభ్యుడయ్యాడు. 1842లో కేంద్ర ఖజానా శాఖ లెక్కలు చూసే కంప్ట్రోలరుగా వాషింగ్టన్ చేరాడు.