మొబైల్ బ్రాడ్‌బ్యాండ్: వేలంపాటల నుంచి డేటా ప్యాకుల దాకా

మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ చరిత్ర అనగానే వేగాల పట్టిక ముందుకొస్తుంది. 2జిలో ఇన్ని కిలోబిట్లు, 3జిలో ఇన్ని మెగాబిట్లు, 5జిలో ఏకంగా గిగాబిట్లు అని లెక్క చెబుతారు. లెక్క తప్పు కాదు గానీ, దాంతో చరిత్ర అర్థం కాదు. యూరప్ సంస్థలు వేల కోట్లు కుమ్మరించి కొన్న 3జి ఏళ్ల తరబడి ఎందుకు కుంటింది? అదే రోజుల్లో 2జి వేగంతోనే జపాన్‌లో కోటి మంది ఫోన్లో నెట్ ఎలా వాడారు? మన దేశంలో 2012లోనే అడుగుపెట్టిన 4జి సామాన్యుడి చేతికి రావడానికి మరో నాలుగేళ్లు ఎందుకు పట్టింది? వీటికి జవాబు వేరేచోట ఉంది. ప్రమాణాల మీద దేశాల మధ్య కుదిరిన ఒప్పందం, స్పెక్ట్రమ్‌కు పలికిన ధర, చివరికి రీఛార్జి రూపంలో వాడకందారు మీద పడిన భారం. ప్రతి తరం తలరాతనూ ఈ మూడే రాశాయి.

మాటల కోసం వేసిన దారి

సెల్యులర్ నెట్‌వర్క్ పుట్టింది డేటా కోసం కాదు. 1979లో టోక్యోలో ఎన్‌టిటి సంస్థ కార్లలో బిగించే ఫోన్లతో సేవలు మొదలుపెట్టింది. 1981లో నార్డిక్ దేశాలు, 1983లో అమెరికాలోని షికాగో ఆ దారి పట్టాయి. అన్నీ అనలాగ్ పద్ధతులే, పైగా ఎవరి పద్ధతి వారిది. బ్రిటన్‌లో కొన్న ఫోన్ జర్మనీలో పనిచేసేది కాదు. ఈ చిక్కు విప్పడానికి యూరప్ దేశాల తపాలా, టెలిఫోన్ శాఖల సమాఖ్య 1982లో ఒక నిపుణుల బృందాన్ని వేసింది. 1987లో జిఎస్ఎం అనే ఉమ్మడి డిజిటల్ పద్ధతి తెచ్చేందుకు 13 దేశాల టెలిఫోన్ సంస్థలు కోపెన్‌హాగన్‌లో ఒప్పందంపై సంతకాలు చేశాయి. 1991 జులై 1న ఫిన్లాండ్‌లో ఆ దేశ మాజీ ప్రధాని హర్రీ హోల్కెరి తొలి జిఎస్ఎం కాల్ మాట్లాడారు. మన దగ్గర 1995 జులై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కోల్‌కతా నుంచి ఢిల్లీలోని కేంద్ర టెలికం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడి మొబైల్ యుగాన్ని ఆరంభించారు. ఫోన్ వస్తే ఎత్తినందుకూ డబ్బు కట్టాల్సిన రోజులవి.

జిఎస్ఎంలో 200 కిలోహెర్ట్జ్ ఛానెల్ ఒక్కోదాన్నీ ఎనిమిది టైమ్ స్లాట్లుగా విడగొట్టి, ఒక్కో కాల్‌కు ఒక్కో స్లాట్ ఇచ్చేవారు. డేటా పంపాలన్నా అదే ఏర్పాటు. సెకనుకు 9.6 కిలోబిట్ల వేగం. ఆ లెక్కన ఒక మెగాబైట్ ఫొటో దిగడానికి దాదాపు 14 నిమిషాలు పడుతుంది. అంతసేపూ స్లాట్ మొత్తం ఒక్కరి పేరు మీదే ఉంటుంది, తెర మీద వార్త చదువుకుంటూ ఏమీ దించుకోకపోయినా నిమిషాల మీటర్ తిరుగుతూనే ఉంటుంది. ఒక్క సంచీ కోసం ఆటో మొత్తం కట్టించుకున్నట్టన్నమాట. 2000 ప్రాంతంలో వచ్చిన జిపిఆర్ఎస్ దాన్ని షేర్ ఆటోగా మార్చింది. డేటాను చిన్న చిన్న ప్యాకెట్లుగా విడగొట్టి, ఏ స్లాట్ ఖాళీగా ఉంటే అందులో పంపారు. కాలానికి బదులు వాడిన కిలోబైట్లకే బిల్లు వేసే వీలు కలిగింది. ఆ తర్వాత వచ్చిన ఎడ్జ్ అదే దారిని కాస్త వెడల్పు చేసింది.

జపాన్ ముందే చూపించింది

బిల్లు వేసే పద్ధతి మారితే ఎంత తేడా వస్తుందో జపాన్‌లో అప్పటికే తేలిపోయింది. ఎన్‌టిటి డొకొమో సంస్థ 1999 ఫిబ్రవరిలో ఐ-మోడ్ పేరుతో ఫోన్లో ఇంటర్నెట్ ఇచ్చింది. వేగం మళ్లీ ఆ 9.6 కిలోబిట్లే. కానీ 128 బైట్ల ప్యాకెట్‌కు 0.3 యెన్ చొప్పున లెక్క. ఎంతసేపు చూసినా ఫర్వాలేదు, దించుకున్నదానికే డబ్బు. బ్యాంకు ఖాతా, రైళ్ల వేళలు ఫోన్లోనే చూసుకునే వీలిచ్చింది. రింగ్‌టోన్లు, కార్టూన్ బొమ్మలు అమ్మే చిన్న కంపెనీల తరఫున చందాలు తానే వసూలు చేసి, తన వాటాగా 9 శాతం మాత్రమే ఉంచుకుంది. దాంతో సరుకు పెట్టేవాళ్లూ, కొనేవాళ్లూ ఇద్దరూ వచ్చారు. ఏడాదిన్నరలో, 2000 ఆగస్టు నాటికి, ఐ-మోడ్ వాడకందారులు కోటి దాటారు. అదే సమయంలో యూరప్‌లో వాప్ పేరుతో వచ్చిన ఫోన్ ఇంటర్నెట్ నిమిషాల బిల్లుతో, అరకొర సరుకుతో చతికిలపడింది. రెండు చోట్లా వేగం దాదాపు ఒకటే, ఫలితం మాత్రం ఉత్తర దక్షిణాలు.

వేలంపాట మిగిల్చిన అప్పు

ఈలోగా 3జి కోసం హడావుడి మొదలైంది. 1998 డిసెంబరులో వివిధ ఖండాల ప్రమాణాల సంస్థలు కలిసి 3జిపిపి అనే వేదిక పెట్టుకున్నాయి. ఈనాటికీ మొబైల్ ప్రమాణాలు రూపుదిద్దుకునేది అక్కడే. అయితే 3జిలో ఏకాభిప్రాయం పూర్తిగా కుదరలేదు. యూరప్, జపాన్‌లది డబ్ల్యూసిడిఎంఎ, చిప్‌ల సంస్థ క్వాల్‌కామ్ వెన్నుదన్నుతో అమెరికా, కొరియాలలో సిడిఎంఎ2000, చైనాది టిడి-ఎస్‌సిడిఎంఎ. మూడు వర్గాలు మూడు దారులయ్యాయి.

2000 ఏప్రిల్‌లో బ్రిటన్ ఐదు 3జి లైసెన్సులకు వేలం పెట్టింది. 13 సంస్థలు బరిలో దిగాయి. 150 రౌండ్ల పాటు సాగిన పాట 2,250 కోట్ల పౌండ్ల దగ్గర ఆగింది. ఆ ఆగస్టులో జర్మనీ ఆరు లైసెన్సులకు 5,000 కోట్ల యూరోలకు పైగా రాబట్టింది. ఖజానాలు నిండాయి గానీ, గెలిచిన సంస్థల దగ్గర టవర్లు వేయడానికి డబ్బు మిగల్లేదు. పైగా ఫోన్లు సిద్ధంగా లేవు, వాటిలో చూడ్డానికి ఏముందో ఎవరికీ స్పష్టత లేదు. బ్రిటన్‌లో తొలి 3జి సేవ 2003 మార్చి 3న గానీ మొదలు కాలేదు. జర్మనీలో ఇచ్చిన ఆరు లైసెన్సుల్లో రెండు సొంత 3జి నెట్‌వర్క్ నడపకుండానే మూలపడ్డాయి. వేలం లేకుండా అర్హత చూసి లైసెన్సులిచ్చిన జపాన్ 2001 అక్టోబరు 1నే ఫోమా పేరుతో ప్రపంచంలో తొలి డబ్ల్యూసిడిఎంఎ సేవను వాణిజ్యపరంగా ఆరంభించింది.

తొలి 3జి వేగం 384 కిలోబిట్లు. దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనడం అతిశయోక్తే. ఆ పేరుకు తగిన మార్పు 2005 ప్రాంతంలో హెచ్ఎస్‌డిపిఎతో వచ్చింది. అంతవరకు ఎవరికి ఎంత డేటా పంపాలో నెట్‌వర్క్ లోపల ఎక్కడో ఉన్న కంట్రోలర్ నిర్ణయించేది. హెచ్ఎస్‌డిపిఎ ఆ పెత్తనాన్ని టవర్ దగ్గరకే తెచ్చింది. ప్రతి 2 మిల్లీసెకన్లకోసారి ఈ క్షణంలో ఎవరికి సిగ్నల్ బాగుందో చూసి, వారికి ఎక్కువ డేటా తోసేసి, మరుక్షణం మరొకరి వైపు తిరుగుతుంది. అదే స్పెక్ట్రమ్‌తో కాగితం మీద 14.4 మెగాబిట్ల దాకా వేగం సాధ్యమైంది. ల్యాప్‌టాప్‌కు గుచ్చే డాంగిళ్లు వచ్చింది ఈ దశలోనే.

ఆ దారి నిండింది మాత్రం ఫోన్లతో. 2007లో వచ్చిన తొలి ఐఫోన్‌లో అసలు 3జి లేదు, ఎడ్జ్‌తోనే నెట్టుకొచ్చింది. 2008 జులైలో 3జి ఐఫోన్, యాప్ స్టోర్ ఒకేసారి వచ్చాక పెద్ద నగరాల్లో నెట్‌వర్కులు ఉక్కిరిబిక్కిరయ్యాయి. ఎనిమిదేళ్ల కిందట వేలంలో పాడినవారు ఊహించిన వీడియో కాల్ కాదు, వాళ్ల ఊహకు అందని యాప్‌లు 3జికి గిరాకీ తెచ్చాయి.

ప్రపంచమంతా ఒకే ప్రమాణం

4జి నాటికి కంపెనీలు పాఠం నేర్చుకున్నాయి. మొదట ఇంటెల్ బలపరిచిన వైమాక్స్, 3జిపిపి తయారుచేసిన ఎల్‌టిఇ పోటీపడ్డాయి. 2007లో అమెరికా సిడిఎంఎ దిగ్గజం వెరైజన్ తన పాత దారి వదిలి ఎల్‌టిఇని ఎంచుకోవడంతో తూకం ఒరిగిపోయింది. మరుసటి ఏడాది క్వాల్‌కామ్ తన సొంత 4జి ప్రయత్నాన్ని పక్కనపెట్టింది. చైనా కోరిన పద్ధతి కూడా టిడి-ఎల్‌టిఇ పేరుతో ఇదే ప్రమాణంలో ఇమిడింది. 2009 డిసెంబరు 14న టెలియాసొనెరా సంస్థ స్టాక్‌హోమ్, ఓస్లో నగరాల్లో తొలి ఎల్‌టిఇ సేవలు ప్రారంభించింది. ఒకే ప్రమాణం కావడంతో చిప్పులు కోట్లలో తయారయ్యాయి, ఫోన్ల ధర దిగింది.

ఎల్‌టిఇ గుండెకాయల్లో ఒకటైన మిమో వెనుక ఒక భారతీయుడున్నారు. తమిళనాడులోని పొల్లాచ్చిలో పుట్టి, భారత నౌకాదళంలో పనిచేసి, స్టాన్‌ఫర్డ్ చేరిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ 1992లో అక్కడి ఆచార్యుడు థామస్ కైలత్‌తో కలిసి దీనికి పేటెంట్ దరఖాస్తు చేశారు. భవనాలకు, చెట్లకు తగిలి చెదిరిన సిగ్నల్ అంతవరకు ఇంజినీర్లకు తలనొప్పి. పంపే చోట, అందుకునే చోట అనేక యాంటెన్నాలు పెడితే ఆ చెదిరిన దారులే వేర్వేరు డేటా దారులుగా పనికొస్తాయని ఆయన చూపారు. ఈ కృషికి 2014లో మార్కోని బహుమతి అందుకున్నారు.

మన దగ్గర జరిగింది

భారత్ 2010లో యూరప్ చేసిన పొరపాటునే చేసిందనాలి. 34 రోజులు, 183 రౌండ్ల 3జి వేలంలో రూ.67,719 కోట్లు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఒక్కదానికే లైసెన్సు ధర సుమారు రూ.1,373 కోట్లు పలికింది. ఏ ప్రైవేటు సంస్థా దేశంలోని 22 సర్కిళ్లలోనూ 3జి దక్కించుకోలేకపోయింది. పెట్టిన డబ్బు రాబట్టుకునేందుకు డేటా ధర ఆకాశంలో పెట్టారు. 2012 ఏప్రిల్‌లో కోల్‌కతాలో 4జి వచ్చినా అది కొద్దిమందికే పరిమితమైంది. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం 2014లో ఒక జిబి డేటా సగటున రూ.269. దాంతో జనం నెట్ ఆపేసుకుని, అవసరమైనప్పుడే ఆన్ చేసుకునేవారు.

2016 సెప్టెంబరు 5న రిలయన్స్ జియో రాకతో ఆ లెక్క తిరగబడింది. పాత 2జి, 3జి బరువు లేకుండా 4జి ఒక్కటే నెట్‌వర్క్. మాటలను కూడా డేటాగానే పంపే వోల్టి పద్ధతి కాబట్టి కాల్స్‌కు విడిగా డబ్బు లేదు. ఆరు నెలల్లోపే 10 కోట్ల మంది చేరారు. 2018 నాటికి జిబి సగటు ధర రూ.12 లోపు పడిపోయింది. దీనికి మరో ముఖం కూడా ఉంది. ఆ ధరల పోరులో చాలా టెలికం సంస్థలు మూతపడ్డాయి లేదా విలీనమయ్యాయి. పోటీ తగ్గిన మార్కెట్‌లో చవక ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంది.

5జి, మధ్యలో మన పల్లె

2019 ఏప్రిల్ 3 రాత్రి 11 గంటలకు దక్షిణ కొరియా హడావుడిగా 5జి ప్రారంభించింది. అమెరికాలో వెరైజన్ ముందుపడుతుందన్న భయమే ఆ తొందరకు కారణం. ఈ కొత్త తరంలో పాత విజ్ఞానానికీ చోటు దక్కింది. 5జి డేటాలో దొర్లే తప్పులను సరిదిద్దే ఎల్‌డిపిసి కోడ్‌లను రాబర్ట్ గాలగర్ ఎంఐటిలో 1960 నాటి సిద్ధాంత వ్యాసంలోనే ప్రతిపాదించారు. వాటిని లెక్కించే సత్తా ఆనాటి కంప్యూటర్లకు లేక అవి దశాబ్దాల పాటు అటకెక్కాయి.

తెలుగునేలకు ఇక్కడ నేరుగా సంబంధముంది. పల్లెల్లో 5జి పనితీరును పరీక్షించడానికి అంతర్జాతీయ టెలికం యూనియన్ మొదట టవర్ల మధ్య 1,732 మీటర్ల దూరం అనుకుంది. మన ఊళ్లకు అది సరిపడదని, పంచాయతీ కేంద్రంలో ఒక్క టవర్ వేసి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ సిగ్నల్ ఇవ్వగలగాలని భారత్ వాదించి, 6 కిలోమీటర్ల దూరాన్ని కూడా ఆ పరీక్షల్లో చేర్పించింది. చిక్కంతా ఫోన్ వైపు నుంచే. టవర్ కేక ఫోన్‌కు వినిపిస్తుంది గానీ, బ్యాటరీతో నడిచే ఫోన్ ఇచ్చే జవాబు అంత దూరం పోదు. ఆ జవాబును మరింత శక్తితో పంపే పద్ధతిపై ఐఐటి హైదరాబాద్, ఐఐటి మద్రాస్ పరిశోధకులు పనిచేశారు. అది 5జిఐ పేరుతో భారతీయ ప్రమాణమై, ఆ తర్వాత 3జిపిపి రిలీజ్ 17లో కలిసిపోయింది. వేరు కుంపటి పెట్టకుండా ఉమ్మడి ప్రమాణంలో కలవడం మంచిదే అయింది. 2022 అక్టోబరు 1న దేశంలో 5జి మొదలైంది.

ఇప్పుడు 6జికి సన్నాహాలు సాగుతున్నాయి, మళ్లీ వేగాల లెక్కలు వినిపిస్తున్నాయి. వాటికంటే ముందు చూడాల్సిన అంకెలు వేరే ఉన్నాయి. అంతర్జాతీయ టెలికం యూనియన్ 2024 నివేదిక ప్రకారం 5జి సిగ్నల్ ధనిక దేశాల జనాభాలో 84 శాతానికి అందుతుంటే, పేద దేశాల్లో 4 శాతానికే అందుతోంది. మొబైల్ సంస్థల సంఘం జిఎస్ఎంఎ లెక్కన 2023 చివరికి మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ సిగ్నలే లేనివారు 35 కోట్ల మంది. సిగ్నల్ ఉన్నా వాడనివారు 310 కోట్ల మంది. ఫోన్ కొనే స్తోమత లేకపోవడం, వాడటం తెలియకపోవడం వారికి ప్రధాన అడ్డంకులు. పాతికేళ్లలో ఇంజినీర్లు తమ పని తాము చేశారు. మిగిలింది ఫోన్ ధర, డేటా ధర, చదువు. అది ప్రభుత్వాలు, టెలికం సంస్థలు చేయాల్సిన పని.