పరుల నోట నొకరి మాట

1851వ సంవత్సరము మే నెల 29వ తేదీన అమెరికాలోని ఒహైయో రాష్ట్రమందలి ఏక్రన్ పట్టణమున స్త్రీల హక్కులను గూర్చి జరిగిన సభలో సోజర్నర్ ట్రూత్ అను నల్లజాతి వనిత లేచి మాటాడెను. ఆమె న్యూయార్కు రాష్ట్రమున బానిసగా బుట్టి, చిన్ననాడు డచ్చిభాషయే మాటాడుచు పెరిగినది. చదువను వ్రాయను నేర్వలేదు. అక్రమముగా అలబామాకు అమ్మబడిన తన కుమారుని కొరకు న్యాయస్థానమున కెక్కి, 1828లో మరల దక్కించుకొన్న ధీర. అట్టి యామె ఆనాడేమి చెప్పెనో మనకు ఇతరుల వ్రాతలవలననే తెలియవలసియున్నది.

ఆ వ్రాతలలో రెండు ముఖ్యములు. జూన్ 21న రాబిన్సన్ అను సంపాదకుడు తన బానిసత్వ ఖండన పత్రికలో ఆ ప్రసంగమును ప్రకటించెను. ఆమె సభవారి యనుమతి నడిగి, వారు సరే యనగా, తాను పొలము దున్నితిననియు, కోత కోసితిననియు, పురుషునితో సమానముగ పనిచేయగలననియు నిబ్బరముగ చెప్పినట్లందున్నది. రెండవది ఆ సభాధ్యక్షురాలగు ఫ్రాన్సెస్ గేజి పండ్రెండేండ్లకు, 1863లో, వ్రాసినది. ఇందు సభలోనివారు ఆమెను మాటాడనీయవలదని గుసగుసలాడుదురు. ఆమె తన స్త్రీత్వమును గూర్చి యొకే ప్రశ్నను మరల మరల వేసి వారిని నిరుత్తరులను చేయును. ఆ ప్రశ్న రాబిన్సన్ వ్రాతలో లేనేలేదు! ఐదుగురు బిడ్డల తల్లి యిందు పదుమువ్వురకు తల్లియైనది. అంతకంటె వింత యేమనగా, న్యూయార్కున పెరిగిన యామె నోట దక్షిణదేశపు బానిసల యాస పెట్టబడినది.

గేజి యామెకు పగది కాదు. బానిసత్వమును మనసార ద్వేషించినది. ఆమె వ్రాయకున్న ట్రూత్ పేరు ఇంతమంది యెరుగకపోదురేమో. రాబిన్సన్ వ్రాతయు మరియొకరి వ్రాతయే కదా యనవచ్చును; నిజమే. కాని యతడు వెంటనే వ్రాసెను, యాస కల్పింపలేదు. గేజియో, బానిసస్త్రీ యెట్లు మాటాడునని చదువరులు తలంతురో అట్లే యామెచే మాటాడించినది.

నేనును ఎన్నియో యేండ్లు గేజి పాఠమునే తరగతిలో ఉత్సాహముతో వినిపించితిని. నెల్ పెయింటర్ అను చరిత్రకర్త్రి 1996లో ప్రకటించిన ట్రూత్ జీవితచరిత్రమును చదివిన పిమ్మట గాని నా పొరపాటు తెలియలేదు. ఇంటి పనిమనిషి పక్షమున వ్యాసము వ్రాయుచు, ఆమె నోట మనకు వినసొంపైన దుఃఖమును పలికించుట మనలో నెందరికి అలవాటు కాదు?

ట్రూత్ మాత్రము ఊరకుండలేదు. 1864లో తన ఛాయాపటములను తీయించి, వానిపై హక్కును తన పేరనే నమోదు చేయించుకొని, సభలలో తానే యమ్ముకొని జీవించెను. వానిలో సంకెళ్లు లేవు, చింపిరి గుడ్డలు లేవు. తలపై తెల్లని టోపీ, భుజములపై శాలువ, కన్నులకు అద్దములు, చేతిలో అల్లుచున్న నూలు.