దస్తూర్ బహస్‌లో మన మాట

అమెరికాలో హైస్కూల్ చదివే మన పిల్లల్ని సివిక్స్ గురించి అడిగి చూడండి. కాంగ్రెస్, ప్రెసిడెంట్, సుప్రీం కోర్టు అని గడగడా చెబుతారు. ఇంతిహాన్ అయ్యాక అదీ మర్చిపోతారు. నన్నడిగితే ఈ సబక్‌ని 1788 జులై 30 నుంచి మొదలుపెట్టాలి.

ఆ రోజు నార్త్ కరోలినాలోని హిల్స్‌బరోలో కొత్త దస్తూర్ మీద బహస్ జరుగుతోంది. సర్కారీ పదవికి మజ్‌హబీ పరీక్ష ఉండకూడదని ఆరో ఆర్టికల్ అంటోంది. హెన్రీ అబాట్ అనే సభ్యుడు లేచి జనంలో ఉన్న ఖౌఫ్‌ని బయటపెట్టాడు: ఇలాగైతే ముసల్మానులు కూడా పదవుల్లోకి వస్తారేమో! జేమ్స్ ఐర్‌డెల్ జవాబిచ్చాడు: ఎవరినో ఒకరిని బయట నిలబెట్టాక మనం కోరే మజ్‌హబీ ఆజాదీ ఎక్కడ మిగులుతుంది? అంతటితో ఆగాడా? తమకు భిన్నమైన మజ్‌హబ్ వాళ్లను జనం ఎన్నుకోరులెండి అని తసల్లీ కూడా ఇచ్చాడు. కాగితం మీది హక్కుకీ, ఓటుకీ మధ్య ఉన్న ఫాస్లా పిల్లలకు ఇక్కడే దొరుకుతుంది.

తమాషా ఏమిటంటే, ముసల్మానులు ఎప్పుడో వస్తారని వాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఆఫ్రికా నుంచి గులాములుగా పట్టుకొచ్చినవాళ్లలో అప్పటికే ముసల్మానులున్నారు. అదే దస్తూర్ మొదటి ఆర్టికల్ ప్రకారం సీట్ల లెక్కలో ఐదుగురు గులాములు ముగ్గురితో సమానం.

1807లో పశ్చిమ ఆఫ్రికా నుంచి చార్ల్‌స్టన్‌కు తెచ్చి అమ్మిన ఉమర్ ఇబ్న్ సయీద్ తర్వాత నార్త్ కరోలినాలోనే బతికాడు, గులామీలోనే పోయాడు. 1831లో అరబీలో తన కథ రాసుకున్నాడు. సూరె ముల్క్‌తో మొదలుపెట్టాడు.