చలిజ్వరమును గెలిచిన కలుపుమొక్క



వినాయకచవితినాడు మనము స్వామికి సమర్పించు 21 పత్రులలో మొదటిది మాచిపత్రి. ఆ యాకును నలిపి వాసన చూడనివారు మనలో అరుదు. ఆ ఘాటైన పరిమళము చేతిని చాలసేపు విడువదు. ఈ మాచిపత్రి చామంతి కుటుంబములోనిది. దాని దాయాది యొకటి చీనాదేశమున బీళ్లలోను గట్లమీదను కలుపుమొక్కగా పెరుగుచున్నది. ఆ కలుపుమొక్కయే లక్షలాది జనులను చలిజ్వరము బారినుండి కాపాడినది. దాని చరిత్రమును, అందు మన పల్లెల పెద్దలకు పనికివచ్చు నొక పాఠమును ఈపూట మనవి చేయుదును.

మొదట మొక్కను గుర్తుపట్టుదము. చీనావారు దీనిని చింగ్‌హావ్ అందురు. వృక్షశాస్త్రజ్ఞులు ఆర్టిమీసియా ఆన్యువా అందురు. ‘ఆన్యువా’ యనగా ఏకవార్షికము. మొలచి, పూచి, విత్తనము రాల్చి, ఒక్క యేడాదిలో తన బ్రతుకు ముగించుకొనును. మనిషి యెత్తు పెరుగును. మంచి నేలలో అంతకును మించును. ఆకులు సన్నసన్నగా చీలియుండును. చామంతిలో మనము ఒక పువ్వనుకొనునది నిజమునకు అనేకమైన చిన్న పువ్వుల గుంపు. ఆ కుటుంబమునకు అదియే గురుతు. ఈ మొక్కలో ఆ గుంపు ఆవగింజకంటె కొంచెము పెద్దదిగా, పసుపుపచ్చగా, తలవాల్చి యుండును. చామంతికున్న పెద్ద రేకులు దీనికి లేవు. తుమ్మెదలతో దీనికి పనిలేదు. గాలియే పుప్పొడిని మోయును. ఆకులమీదను పూలమీదను కంటికానని చిన్న తిత్తులు గలవు. మందు ఆ తిత్తులలోనే యున్నది. అదియు స్వల్పమే, ఎండుటాకులో నూటికి ఒక పాలు దొరకుటయే గొప్ప.

ఇక చరిత్రము. క్రీస్తుపూర్వము 168వ సంవత్సరము నాటి యొక సమాధిని చీనాలోని మావాంగ్‌దుయ్ అనుచోట 1973లో త్రవ్వగా, పట్టుగుడ్డపై వ్రాసిన వైద్యగ్రంథము దొరకినది. అందు చింగ్‌హావ్ మూలవ్యాధికి మందుగా చెప్పబడినది. తరువాత క్రీస్తుశకము 4వ శతాబ్దమున గె హొంగ్ అను పండితుడు, వైద్యుడు దొరకని పేదలకు అక్కరకు వచ్చునట్లు ఒక చిన్న చికిత్సాగ్రంథము వ్రాసెను. గుప్పెడు చింగ్‌హావును నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసము త్రాగినచో చలిజ్వరము పోవునని అతడు చెప్పెను. 16వ శతాబ్దమున లీ షీజెన్ తన గొప్ప ఓషధిగ్రంథములో ఈ విషయమును మరల ఎక్కించెను. పిమ్మట నది పుస్తకములలోనే నిలిచిపోయెను.

చలిజ్వరము ఎట్లు వ్యాపించునో అప్పటివా రెరుగరు. ఆ రహస్యము బయటపడినది మన తెలుగుగడ్డమీదనే. 1897 ఆగస్టు 20వ తేదీని సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఈ జ్వరపు సూక్ష్మజీవిని చూచెను. మందు మాత్రము అంతకు ముందే కలదు. సింకోనా చెట్టు బెరడునుండి 1820లో ఫ్రెంచివారు క్వినైనును వేరుచేసిరి. పిదప క్లోరోక్వీను వచ్చినది. కాని 1960 తరువాత ఆగ్నేయాసియాలో సూక్ష్మజీవి క్లోరోక్వీనునకు లొంగుట మానినది. వియత్నాము యుద్ధములో తుపాకికంటె జ్వరమే ప్రబల శత్రువైనది. ఉత్తర వియత్నాము సాయము కోరగా, చీనా ప్రభుత్వము 1967 మే 23వ తేదీన రహస్యముగా ఒక పరిశోధన నారంభించెను. ఆ తేదీనిబట్టియే దానికి ‘523’ అని పేరు పెట్టిరి.

1969లో బీజింగులోని సంప్రదాయ వైద్యసంస్థలో ఈ పని తూ యూయూ అను నామెకు అప్పగింపబడెను. ఆమెయు సహచరులును పాత గ్రంథములు తిరుగవేసిరి. అనుభవజ్ఞులైన వైద్యులను అడిగి 2,000కు పైగా యోగములు సేకరించిరి. సుమారు 200 మూలికలనుండి 380 కషాయములును సారములును తీసి ఎలుకలపై పరీక్షించిరి. చింగ్‌హావ్ సారము ఒకమారు నూటికి 68 పాళ్లు పనిచేసెను. మరల చేయగా 12 మొదలు 40 పాళ్లకు దిగిపోయెను. ఒకే మూలిక, ఒకే జ్వరము; ఫలము మాత్రము వేరు. ఇంకొకరైనచో పాతమాట కల్లయని విడిచియుందురు.

తూ యూయూ మరల గె హొంగ్ గ్రంథము తెరచి, అందు లేని మాటను గమనించెను. నానబెట్టుమనెనేగాని కాచుమనలేదు! కషాయమనగానే పొయ్యిమీద మరిగించుట వైద్యుల అలవాటు. ఆ వేడికే మందు చెడుచున్నదేమో యని ఆమెకు తోచెను. అంతట శరీరపు వేడికంటెను తక్కువ వేడికే, అనగా 35 డిగ్రీలకే, మరుగు ఈథరుతో సారము తీసెను. అందు హానిచేయు ఆమ్లభాగమును తొలగించెను. 1971 అక్టోబరు 4వ తేదీన 191వ నమూనా ఎలుకలలోని సూక్ష్మజీవులను నిశ్శేషముగా చంపెను. 1972లో రోగుల కిచ్చుటకు ముందు ఆమెయు ఇద్దరు సహచరులును తామే ఆ మందును మ్రింగి చూచిరి. ఆ యేడే మందును స్ఫటికరూపమున వేరుచేసిరి. దానినే ఆర్టిమీసినిన్ అందురు. ఈ పనిలో యున్నాను, షాన్‌డాంగు శాస్త్రజ్ఞుల పాలును గలదు. 2015లో తూ యూయూకు నోబెలు బహుమానములో సగభాగము లభించెను.

ఇంకొక చిక్కు కూడ నుండినది. చింగ్‌హావ్ అను పేరు ఒక్క మొక్కది కాదు. ఆ పేరుతోనే అంగళ్లలో అమ్మబడు దాయాదిమొక్క యొకదానిలో ఈ మందు లేనేలేదు. మనవైపునను గలిజేరను పేరు రెండు వేరు మొక్కలకు చెల్లుట మీరెరుగుదురు. పేరు నమ్మినవాడు మొక్కను పోగొట్టుకొనును.

కావున ఒక హెచ్చరిక. మన మాచిపత్రి దాయాదియే కాని అదే మొక్క కాదు. చలిజ్వరమునకు దాని రసము త్రాగి కూర్చుండరాదు. అసలు చింగ్‌హావ్ ఆకు కషాయమును సైతము ప్రపంచ ఆరోగ్య సంస్థ వలదన్నది. అందు మందు మోతాదు నిలుకడగా నుండదు. ఆర్టిమీసినిన్ రక్తములో కొన్ని గంటలే నిలుచును. అందువలన మిగిలిన సూక్ష్మజీవులను చంపుటకు రెండవ మందును జతచేసి యిత్తురు. ఒంటరిగా వాడినచోట్ల సూక్ష్మజీవి ఎదురుతిరుగ నేర్చును. కాంబోడియా పశ్చిమభాగమున ఈ యెదిరింపు ఇప్పటికే కనబడినది. చలితో జ్వరము వచ్చినచో రక్తపరీక్ష చేయించి, ఇచ్చిన మాత్రలను నడుమ మానక పూర్తిగా మ్రింగవలెను.

పాఠమేమన, గె హొంగ్ గ్రంథము పనికివచ్చినది అందు ‘ఈ మూలిక మంచిది’ అని యున్నందున కాదు. ఎంత, ఎట్లు, దేనితో అని యున్నందున. మీలో పలువురకు తాతలనాటి మూలికలు తెలియును. అవి నోటిమాటగానే యున్నచో మీతోనే పోవును. ఏ మొక్క, ఏ భాగము, ఏ ఋతువున కోసినది, నానబెట్టుటయా కాచుటయా, ఏ రోగమునకు, ఎవరికి పనిచేసినది, ఎవరికి పనిచేయలేదు — ఇవియన్నియు వ్రాయించుడు. ఒక కొమ్మను పూలతోకూడ కాగితముల నడుమ ఆరబెట్టి, దగ్గరనున్న కళాశాలలో వృక్షశాస్త్రము చెప్పువారికి చూపుడు. నిజమో కాదో పరీక్ష తేల్చును. పరీక్షకు నిలుచునట్లు వ్రాసిపెట్టుట మన పని. ఒక్క మాట సరిగా వ్రాసినందున 1,600 ఏండ్ల తరువాత లోకమునకు మందు దొరకినది.