కుడికాలి గేరు జమానా

మా అబ్బాజాన్ బుల్లెట్‌కి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. నేను నేర్చుకున్నది దాని మీదే. ఒకరోజు దోస్తు దగ్గర వేరే బండి తీసుకుని బజారుకు బయలుదేరాను. మేక అడ్డం వచ్చింది. ఆదత్ కొద్దీ ఎడమకాలు గట్టిగా నొక్కాను. బండి ఆగలేదు, గేరు మారింది! మేక బతికిపోయింది, నా మోకాలు మాత్రం చిట్లింది. గేరు ఎప్పుడు మార్చాలన్నది తర్వాతి మాట, అసలు ఏ కాలితో మార్చాలో ఎవరు ఫైసలా చేశారన్న సవాల్ ఆ హాదిసాతోనే పుట్టింది.

మొదటి జమానాలో గేరు కాలిది కాదు, చేతిది. పెట్రోల్ ట్యాంకు పక్కన పొడవాటి లివరు ఉండేది. గేరు మార్చాలంటే ఒక చెయ్యి హ్యాండిల్ వదలాల్సిందే. మలుపులో అది ఖతర్నాక్ పని. అందుకే చాలామంది మలుపు రాకముందే గేరు మార్చేసుకునేవారు. 1920ల చివర్లో ఇంగ్లండ్‌లోని వెలోసెట్ కంపెనీకి చెందిన హెరాల్డ్ విల్లిస్ దీనికి ఇలాజ్ కనిపెట్టాడు. కాలితో ఒకసారి నొక్కితే ఒకే గేరు మారుతుంది, లివరు మళ్లీ తన జాగాకు వచ్చేస్తుంది. ఈరోజు మన బండ్లన్నీ నడుస్తున్నది ఆ తరీఖాలోనే.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. బుల్లెట్‌తోపాటు ఇంగ్లండు వాళ్ల కుడికాలి గేరూ వచ్చింది: మొదటిది పైకి, మిగతా మూడు కిందికి. పక్కనే ఇంకో చిన్న లివరు. రెండు, మూడు, నాలుగు, ఏ గేరులో ఉన్నా మడమతో దాన్ని నొక్కితే సీదా న్యూట్రలే. మైసూరులో తయారైన జావా, యెజ్డీలది ఇంకో కమాల్. గేరు లివరునే తిప్పితే కిక్ రాడ్ అయ్యేది.

1970ల మధ్యలో అమెరికా కానూన్ తెచ్చింది: గేరు ఎడమకాలికి, బ్రేకు కుడికాలికి. జపాన్ బండ్లు అప్పటికే అలా ఉన్నాయి, ఇంగ్లండ్ కంపెనీలు మారాల్సి వచ్చింది. మన దగ్గర 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక ఎడమకాలి గేరు ఇంటింటికీ చేరింది. 2000 తర్వాత బుల్లెట్ కూడా ఎడమకు మారింది.

ఇక ఎప్పుడు మార్చాలన్న మాట. అది ఇంజన్ మిజాజ్‌ను బట్టి ఉంటుంది. పాత బుల్లెట్ 350 సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 90. అందుకే తక్కువ వేగంలోనే బలంగా లాగుతుంది, తొందరగా పై గేరు వేసినా సహిస్తుంది. టూ స్ట్రోక్ ఆర్‌ఎక్స్ 100 అలా కాదు. ఇంజన్ గట్టిగా తిరిగాకే దాని తాఖత్ బయటికొస్తుంది. ఏ బండైనా పై గేరులో దడదడలాడితే తొందరపడ్డట్టు, కింది గేరులో అరుస్తుంటే ఆలస్యమైనట్టు. ఎత్తు ఎక్కాలన్నా, మలుపు తిరగాలన్నా ముందే గేరు తగ్గించుకోవాలి, మధ్యలో కాదు. మా అబ్బాజాన్ మీటరు చూసేవారు కాదు, చెవి పెట్టి వినేవారు.

మీ ఇంట్లో పాత బుల్లెట్ ఉంటే, పిల్లవాడి చేతికి తాళం ఇచ్చే ముందు ఒక్క మాట చెప్పండి: "బేటా, ఇందులో బ్రేకు ఎడమకాలికి." గల్లీలో నాలుగుసార్లు బ్రేకు వేయించి చూశాకే రోడ్డు మీదికి పంపండి.