హైదరాబాద్‌లో నృత్య గురువుల వృత్తి

హైదరాబాద్‌లో నాట్యం ఆడుతూ, నేర్పుతూ బతికే వృత్తికి ఇప్పుడున్న రూపం 20వ శతాబ్దం నడుమ వచ్చింది. వేదిక పేరు తెస్తుంది. ఇల్లు గడిచేది మాత్రం ఎక్కువగా పాఠాల మీదే.

ఈ వృత్తి పాత రూపం, కొత్త రూపం రెండూ మూసీ ఉత్తరపు ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్‌కు అటూ ఇటూ కనిపిస్తాయి. అక్కడి నుంచి నయాపూల్ వంతెన దాటితే నిజాముల పాత కొలువు ఉన్న నగరం. ఆ కొలువులోనే పేరు గడించింది మహలఖా బాయి చందా (1768-1824), నర్తకి, ఉర్దూ కవయిత్రి. ఆమెకు దక్కిన జాగీర్లలో అడిక్‌మెట్ ఒకటి. నర్తకి సంపాదన ప్రభువు మెప్పును బట్టి ఉండే రోజులవి. అఫ్జల్‌గంజ్ నుంచి ఇటు ఉత్తరానికి వెళ్తే రాంకోఠి వస్తుంది. 1952లో మొదలైన ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల (ఇప్పటి శ్రీ త్యాగరాజ కళాశాల) అక్కడే ఉంది. నాట్యం నేర్పేవారికి నెల జీతం, నేర్చుకునేవారికి పరీక్ష, సర్టిఫికెట్ ఇలాంటి చోట్లనే అలవాటయ్యాయి.

అంతకు ముందు కూచిపూడి నాట్యం భాగవతుల కుటుంబాల్లో మగవారి విద్య, సత్యభామ వంటి ఆడవేషాలూ మగవారివే. ఆలయ నృత్యం దేవదాసీలైన కళావంతుల స్త్రీలది. 1947 నాటి మద్రాసు చట్టం దేవదాసీ సమర్పణను నిషేధించింది. దురాచారం పోవలసిందే, కానీ దానితోపాటు ఆ స్త్రీల విద్యకు వేదిక కూడా పోయింది. 1959లో హైదరాబాద్‌లో జరిగిన కూచిపూడి సదస్సు తర్వాత ఆ నాట్యానికి శాస్త్రీయ గుర్తింపు బలపడింది. మధ్యతరగతి ఇళ్ల ఆడపిల్లలు చేరారు, వారిలోంచే గురువులూ వచ్చారు.

ఈ మార్పును భుజాన మోసినవారిలో నటరాజ రామకృష్ణ (1923-2011) ముఖ్యులు. ఇండోనేషియాలోని బాలిలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. వయసు మళ్లిన ఆలయ నర్తకుల దగ్గరికి వెళ్లి వారికి గుర్తున్న అంశాలు సేకరించి, ఆ సంప్రదాయానికి ఆంధ్రనాట్యమని పేరు పెట్టారు. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప రాసిన ‘నృత్తరత్నావళి’నీ రామప్ప గుడి శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని పేరిణి శివతాండవాన్ని మళ్లీ కూర్చారు. 1985 శివరాత్రికి రామప్ప గుడి దగ్గరే దాన్ని ఆడించారు. శిల్పం ఒక భంగిమను చూపగలదు. దాని ముందు అడుగేదో, తర్వాత అడుగేదో చెప్పలేదు. ఆ ఖాళీలన్నీ గురువే పూరించారు. అందుకే నేటి పేరిణిని కాకతీయుల నాటి నాట్యం యథాతథంగా అనడం కంటే ఆయన పునర్నిర్మాణం అనడమే న్యాయం. 1992లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

తెలుగు విశ్వవిద్యాలయం (1985), హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలు (1988) నాట్యానికి డిగ్రీలు తెచ్చాయి. అయినా ఉద్యోగాలు కొన్నే. ఎక్కువమంది సాయంత్రం ఇంట్లోనో, గుడి మండపంలోనో, అద్దె హాల్లోనో క్లాసులు నడుపుతారు. తట్టుకర్రతో తాళం వేస్తూ, ఏళ్లపాటు అవే అడుగులు దిద్దిస్తారు. శిష్యురాలి తొలి ప్రదర్శన అయిన రంగప్రవేశం రోజు గురువు తాళాలు పట్టుకుని నట్టువాంగం చేస్తారు. గాయకుడు, మృదంగం, వయొలిన్, వేణువు, హాలు, ఆహార్యం ఖర్చు శిష్యురాలి ఇంటిదే. సంగతి పైకి చెప్పరు గానీ, ఆ ఖర్చుకు వెరచి మధ్యలో మానేసే పిల్లలున్నారు.

ప్రవాసులు ఈ వృత్తికి మరో దారి తెరిచారు. అమెరికా తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర ఆధ్వర్యంలో 2010 డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో 2,850 మంది కలిసి కూచిపూడి తిల్లానా ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. అమెరికా పిల్లలకు ఆన్‌లైన్ పాఠం చెప్పే గురువులు ఇక్కడ తెల్లవారకముందే గజ్జె కడతారు. సినిమా డాన్స్ మాస్టర్లది వేరే బాట. గ్రూపులో ఆడి, అసిస్టెంటుగా చేరి, ఆపైన పాటలకు స్వయంగా నృత్యం సమకూర్చాలి. ఈటీవీలో 2009లో మొదలైన డాన్స్ పోటీ ‘ఢీ’ ఆ బాటలో కొందరికి దగ్గరి మెట్టయింది.